అక్షశుద్ధి

లోకమున ఒక తప్పు జరిగినపుడు మన నోట మొట్టమొదట వెడలు ప్రశ్న "ఎవరు చేసిరి?" అనునది. "ఎట్లు జరిగినది?" అను ప్రశ్న తరువాత వచ్చును, తరచుగా రానేరాదు. మొదటి ప్రశ్నకు ఉత్తరము సులభము. దగ్గర నున్నవాడో, బలహీనుడో, మారు పలుకనేరనివాడో ఒకడు ఎల్లప్పుడును సిద్ధముగా నుండును. రెండవ ప్రశ్నకు ఉత్తరము కావలెనన్న వెదకవలెను, కొలువవలెను, ఒక్కొక్కప్పుడు మన చేతినే మనము అనుమానింపవలెను. ఈ రెండు ప్రశ్నలకు గల అంతరము నాకు సంస్కృతమున చదివిన శాస్త్రముల వలన గాని, ఆంగ్లమున చదివిన నీతిగ్రంథముల వలన గాని బోధపడలేదు. బుక్కరాయసముద్రములో, నూనె మరకలతో నల్లబడిన ఒక ఇనుప యంత్రము చెంత నిలువబడి తెలిసికొంటిని. ఆ వృత్తాంతమును చదువరులకు విన్నవించుట యీ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

మా బంధువొకరికి ఈ యూరి పొలిమేరలో చీనీతోట కలదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురపు మెట్టలో చీనీచెట్టు ఆకాశమును నమ్మి బ్రదుకజాలదు. బోరుబావిని నమ్మి బ్రదుకును. ఆ బావిలోని మోటారు ఒక వేసవిలో రెండుమారులు నిలిచిపోయెను. పైకి తీసి విప్పి చూడగా రెండుమారులును ఒకటే జబ్బు: గన్‌మెటలు బుష్షు ఒక కొసను అరిగిపోయి, రెండవ కొసను ఇరుసును పట్టివేసియుండెను. బుష్షు అనగా తిరుగుచున్న ఇరుసును చుట్టుకొని దానికి ఆధారముగా నుండు లోహపు గొట్టము. తోటలో ఆకులు ముడుచుకొనుచుండగా నిందలు బయలుదేరెను. బంధువు కార్ఖానాను నిందించెను. కార్ఖానా యజమాని లోహమును నిందించెను. లోహము నమ్మిన వర్తకుడు మోటారు బిగించినవారిని నిందించెను. కడపట అందరును ఏకమై, ఆ బుష్షును తరిణె పట్టిన పనివాని మీద పడిరి. వాడు ఇరువదియేండ్ల కుర్రవాడు. రెండు బుష్షుల వెలయు వాని కూలిలో పట్టుకొనవలెనని తీర్మానమయ్యెను.

ఆ కుర్రవాడు నాకు క్రొత్తవాడు కాడు. కొన్నియేండ్ల క్రిందట నా తరగతిలో చదివి, ఆంగ్లములో తప్పి, బడి మానినవాడు. వాని చదువునకు గల దోషమంతయు వానిదేయని నేనును ఆనాడు తీర్మానించియుంటిని. నన్ను చూచి వాడు చేతులు తుడుచుకొని నమస్కరించి, మెల్లగా ఒకమాట చెప్పెను.

"సార్, ఇనుముది తప్పు గాదు, నా చెయ్యీ తప్పు గాదు. మిషను తల వంకరగా ఉండాది. ఒక గంట టైము ఇప్పించండి, చూపిస్తా."

నేను యజమానితో చెప్పి ఆ గంట ఇప్పించితిని. అటు తరువాత జరిగినది చెప్పుటకు ముందు, ఇంటనుండి చదువు సోదరీమణుల కొరకు ఆ యంత్ర స్వరూపమును కొంచెము చెప్పవలసియున్నది. మన వడ్రంగులు మంచపుకోళ్లను, ఉయ్యాల గొలుసుల నడిమి కొయ్యలను తరిణె పట్టుటను చూచియుందురు. ఇనుమునకు అట్టి తరిణెయే లేతు. దానికి నేలను పొడుగుగా పరచినట్లు ఒక ఇనుప పానుపు, అనగా బెడ్డు, ఉండును. ఎడమ కొసను హెడ్‌స్టాకు అను తల యుండును. దానిలోని అక్షము తిరుగుచు, చక్కు అను పిడికిలితో లోహమును పట్టి త్రిప్పును. కుడి కొసను టెయిల్‌స్టాకు అను తోక యుండును. పొడుగు కడ్డీలకు అది రెండవ కొసను ఆనుకొని యుండును. కోయు టూలు బెడ్డు వెంబడి తిన్నగా జరుగును. తల యందలి అక్షమును, టూలు నడచు దారియును ఒకదానికొకటి సమాంతరముగా నున్నంతవరకు కడ్డీ ఈ కొస నుండి ఆ కొస వరకు ఒకే లావుగా తెగును. అక్షము వెండ్రుకవాసి ప్రక్కకు తిరిగినను కడ్డీ ఒక కొస లావుగను, ఒక కొస సన్నముగను వచ్చును. పనివారు దీనిని టేపరు అందురు.

కుర్రవాడు నలువది మిల్లీమీటర్ల లావుగల ఒక గట్టి కడ్డీని చక్కులో బిగించెను. తోకను దూరముగా త్రోసివేసెను. "దానికి ఏ ఆసరా ఉండగూడదు సార్, ఆసరా ఉంటే నిజం చెప్పదు" అనెను. కడ్డీ మీద చక్కు దగ్గర ఒకటి, దానికి 150 మిల్లీమీటర్ల యెడముగా కొసను ఒకటి, రెండు ఉంగరముల వంటి భాగములను విడిచి, నడిమి భాగమును కొంచెము పల్లముగా కోసెను. అటు పిమ్మట టూలును కదల్పక, మిక్కిలి పలుచని పొరగా ఆ రెండు ఉంగరములను ఒకే నడకలో గీచెను. మైక్రోమీటరుతో కొలిచెను. కొసనున్న ఉంగరము లోపలి దానికంటె 0.10 మిల్లీమీటరు లావుగా నుండెను. అనగా అక్షము ఆ దూరములో దానిలో సగము, 0.05 మిల్లీమీటరు, టూలునకు ఎడముగా తొలగిపోవుచున్నదని అర్థము.

నేను వెంటనే "అట్లయినచో తలనే సరిదిద్దుము" అంటిని. వాడు నవ్వి, "ఉండండి సార్, ముందు కాళ్లకింద నేల చూడాల" అనెను. సన్నని భేదమును సైతము చూపు స్పిరిటు లెవలును బెడ్డు ఈ కొసను ఒకమారు, ఆ కొసను ఒకమారు అడ్డముగా పెట్టి చూచెను. బుడగ రెండుచోట్ల ఒకేతీరున నిలువలేదు. యంత్రపు కాలొకటి నేలలోనికి క్రుంగియుండెను. అందువలన బెడ్డే కొంచెము మెలివడియుండెను. మెలివడిన బెడ్డును, వంకరయైన తలయును ఒకే లక్షణమును చూపును. కాలిక్రింద పలుచని రేకు పెట్టి మెలిని తీసి, మరల గీచి కొలువగా భేదము 0.06 మిల్లీమీటరునకు తగ్గెను. మిగిలినదే తలయొక్క దోషము.

అప్పుడు వాడు హెడ్‌స్టాకు బోల్టులను కొంచెము వదలుచేసి, ప్రక్కనుండు మరలతో దానిని కంటికి కానరానంత త్రిప్పి, బోల్టులను మూలమూలకు మార్చి మార్చి కొంచెము కొంచెముగా బిగించెను. మరల గీచెను, మరల కొలిచెను. బిగించుటలోనే తల కదలుననియు, వదలుగా నున్నపుడు సరిగా నున్నది బిగించిన పిమ్మట సరిగా నుండదనియు అప్పుడు నాకు తెలిసెను. గంట యన్నది మూడు గంటలయ్యెను. కడపట కొసనున్న ఉంగరము లోపలిదానికంటె 0.01 మిల్లీమీటరు సన్నముగా వచ్చినపుడు వాడు చేయి ఆపెను. అన్ని యంత్రములకు ఈ సౌకర్య ముండదు. కొన్నిటిలో తల బెడ్డుమీది గాడులలో కూర్చుండును, దానిని గోకి సరిచేయుటయే గాని త్రిప్పుటకు వీలులేదు. ఈ పరీక్షయు అక్షము ముందు వెనుకలకు తొలగుటనే చక్కగా చెప్పును. మీదికి క్రిందికి తొలగుటను తెలిసికొనుటకు డయలు గేజియు, నునుపైన పరీక్షాదండమును వలయును. ఏ ఒక్క పరీక్షయు సర్వమును చెప్పదు.

ఇక నీతి విషయమునకు వత్తము. ఇంతకాలము ఈ దోషము ఏల బయటపడలేదని యజమానిని అడిగితిని. అతడు దాచక చెప్పెను. పొడుగు ఇరుసులు టేపరుగా వచ్చుచుండగా అతడు తలజోలికి పోక తోకను కొంచెము ప్రక్కకు జరిపెనట. ఇరుసులు చక్కగా వచ్చెను. పని నిలువలేదు, గిరాకి తప్పలేదు. కాని బుష్షు పొట్టిది. దానిని చక్కు ఒక్కటే పట్టును. తోక ఆసరా లేదు. కనుక తలయందలి వంకర యంతయు బుష్షు కడుపులోనికి దిగెను. ఇరుసు సరియైనది, బుష్షు వంకరైనది; రెండును ఒకే యంత్రము మీద పుట్టినవే. ఒక తప్పును సరిదిద్దుటకు మారుగా దానికెదురు మరియొక తప్పును నిలిపి, రెండింటి కూడిక సున్న వచ్చినదని సంతోషించుటను మనమందరమును ఎరుగుదుము. కోపిష్టియైన గృహస్థు పిల్లలను కొట్టి పిదప మిఠాయి తెచ్చును. లంచము తినువాడు ఏటేట అన్నదానము చేయును. పొడుగు లెక్కలో రెండును సరిపోయినట్లే కానవచ్చును. కాని ఆసరాలేని పొట్టి జీవులు, అనగా ఇంటిలోని పిల్లలు, కార్యాలయమునకు వచ్చు బీదలు, ఆ తల వంకరనే అనుభవింతురు.

సంస్కృతమున ఆర్జవమను సద్గుణ మొకటి కలదు. భగవద్గీత పదమూడవ యధ్యాయమున జ్ఞానలక్షణములలో అది పేర్కొనబడినది. "ఆర్జవ మనగా కపటము లేకుండుట" యని నేను ఎన్నియో మారులు విద్యార్థులకు చెప్పియుంటిని. ఆ మాట 'ఋజు' శబ్దమునుండి పుట్టినది. ఋజు వనగా తిన్ననిది. ఆంగ్లమున న్యాయమునకు చెప్పు 'రైట్' అను మాటయు ఆ ప్రాచీన ధాతువునుండియే వచ్చినదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. రెండు జాతుల పెద్దలును సత్యమును తిన్నదనముతో పోల్చిరన్న మాట. కాని తిన్నదన మెట్లు తెలియును? దేనికి తిన్నన? తన అక్షము తనకు ఎప్పుడును తిన్ననే. తాను వంకరయైన తల, తాను త్రిప్పు కడ్డీకి కేంద్రము తానే గనుక, తన వంకరను తాను చూడజాలదు. బెడ్డుతో పోల్చిననే, బయటి కొలతతో కొలిచిననే అది తేలును.

ఈ సత్యమును హెన్రీ మాడ్‌స్లే అను ఇంగ్లీషు పనివాడు చక్కగా గ్రహించెను. ఆయన 1771లో పుట్టి, పండ్రెండేండ్ల వయసున ఊలిచ్ ఆయుధశాలలో తూటాలు నింపు పనికి కుదిరినవాడు. 1800 ప్రాంతమున మరలు కోయు లేతును శుద్ధముగా నిర్మించి ఆధునిక యంత్రశిల్పమునకు దారి తీసెను. ఆయన తన కార్ఖానాలో ఒక మైక్రోమీటరును బల్లమీద పెట్టుకొని దానికి 'లార్డ్ ఛాన్సలర్' అని పేరు పెట్టెను. అది ఆనాటి ఇంగ్లండులో పెద్ద న్యాయాధిపతి పదవి. కొలతలో తగవు వచ్చినపుడు యజమానియు పనివాడును ఆ న్యాయమూర్తి తీర్పునకే తలయొగ్గవలెను. ఆయన వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్తు 1840లో గ్లాస్గో నగరమున శాస్త్రజ్ఞుల సభలో సమతలములను గూర్చి ఒక ఉపన్యాసము చదివెను. రెండు పలకలను ఒకదానితో నొకటి రాచి సరిచేసినచో, ఒకటి గుంటగను ఒకటి ఉబ్బుగను ఉండియు రెండును చక్కగా అతుకును. మూడవ పలకను తెచ్చి మూడింటిని జతజతగా పోల్చిననే నిజమైన సమతలము సిద్ధించును. ఇద్దరి యంగీకారమును సత్యమని భ్రమింపరాదు. మొగుడును అత్తయును ఒకమాట మీద నున్నంతమాత్రమున కోడలిది తప్పని తేలదు.

మరియొక సంగతి. లేతు యొక్క శుద్ధిని పరీక్షించుటకు నియమములను క్రోడీకరించినవారిలో ముఖ్యుడు జార్జి ష్లెసింగర్ అను జర్మను ఆచార్యుడు. 1927లో వెలువడిన ఆయన గ్రంథము వలన ఆ నియమములు లోకమంతట వ్యాపించెను. పరిపూర్ణ శుద్ధి ఏ యంత్రమునకును లేదని ఆయన ఎరుగును. కనుక కొంత దోషమును క్షమించెను. 300 మిల్లీమీటర్ల పొడుగున 0.02 మిల్లీమీటరు తొలగవచ్చునట. అయితే అది ఏ దిక్కునకైనను తొలగవచ్చునని చెప్పలేదు. లోహపు బరువు క్రిందికి లాగును గనుక అక్షపు కొస మీదికి మాత్రమే లేచి యుండవచ్చును. టూలు లోహమును అవతలికి త్రోయును గనుక అక్షపు కొస టూలు వైపునకు మాత్రమే మొగ్గియుండవచ్చును. బరువు ఏవైపు పడునో దాని కెదురుగా తప్పుటకే అనుమతి కలదు. మా కుర్రవాడు కొసను 0.01 మిల్లీమీటరు సన్నగా విడుచుట ఇందుకే. నాకు ఈ నియమమున గొప్ప ధర్మసూక్ష్మము గోచరించినది. మానవుడు తప్పక మానడు. తప్పినచో ఎదుటి బలహీనుని మీద బరువు పడని వైపునకు తప్పవలెను. దండించుటలో తప్పుటకంటె క్షమించుటలో తప్పుట మేలు. అట్టి నియమములు వ్రాసిన ష్లెసింగరును యూదుడన్న నేరమునకు హిట్లరు ప్రభుత్వము 1933లో పదవినుండి తొలగించి చెరలో పెట్టెను. ఆయన స్వదేశమును విడిచి, 1949లో ఇంగ్లండున మరణించెను. ఒక రాజ్యము తన తల వంకరను చూచుకొనక, సరిచూచువానినే దోషిని చేయుట యిట్లుండును.

దూరదేశపు కథ యేల? మా యూరి చెరువుకట్ట మీదనే ఇట్టి కథ యున్నది. మొదటి బుక్కరాయల మంత్రియైన చిక్కప్ప ఒడయరు పండమేరు వాగునకు అడ్డముగా ఈ చెరువును 1364లో కట్టించినట్లు జిల్లా చరిత్రములు చెప్పుచున్నవి. తరువాత నొకప్పుడు కట్ట తెగెననియు, ఊరు మునుగునను భీతిలో ముసలమ్మ యను చిన్నకోడలిని బలి యిచ్చినచో కట్ట నిలుచునని దేవత పలికెననియు, ఆ యిల్లాలు తానే పోయి గండిలో నిలిచెననియు ఐతిహ్యము. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిగా నుండగా 1899లో ఈ కథనే ముసలమ్మ మరణ మను కావ్యముగా వ్రాసిరి. ముసలమ్మకట్ట మీద నేటికిని ఆ తల్లికి పూజ జరుగుచున్నది. ఆమె త్యాగమునకు నేనును చేతులు జోడింతును. కాని ఆమెకు మ్రొక్కుటతో మన విధి తీరదు. చెరువుకట్టలు తెగుటకు కారణములు కలవు. మరువ చాలక నీరు కట్టమీద పొర్లుట, తూము ప్రక్కను ఊట పట్టుట, ఎలుకలు బొరియలు త్రవ్వుట మొదలగునవి. ఆ కథలోని ఊరివారు మరువను కొలిచినట్లు మన మెక్కడను వినము. "ఎట్లు తెగినది?" అని అడుగుటకు మారుగా "ఎవరిని ఇత్తము?" అని అడిగిరి. ఆ ప్రశ్నకు ఉత్తరము ఊరిపెద్ద కాలేదు, కట్టను కాచువాడు కాలేదు. ఇంటిలో కడపట అడుగుపెట్టిన కోడలయ్యెను. మనము నాగరికులమని చెప్పుకొను ఈ కాలమున సైతము, పెండ్లియైన యేడు వాన తప్పినచో "పిల్ల కాలు పెట్టిన వేళ" యని పలుకు నోళ్లు ఈ సీమలో మూతపడలేదు. వాన లెక్కయు, బావి లోతును, అప్పు వడ్డియు విడిచి, ఆమె కాలినే కొలుచుచున్నాము.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. అన్ని దోషములకు మూలమే కారణమన్నచో వ్యక్తికి బాధ్యతయే లేదా? సోమరియైన విద్యార్థి గురువును, దొంగ సంఘమును చూపి తప్పించుకొనడా? ఆక్షేపము న్యాయమైనదే. లోహములోను గుల్లలుండును; పనివాని చేయియు జారును. కాని భేదమును కనుగొను మార్గమును లేతే చెప్పుచున్నది. ఒక్క కడ్డీ చెడినచో కడ్డీని చూడుము. కడ్డీలన్నియు ఒకే వైపునకు, ఒకే తీరున చెడుచున్నచో తలను చూడుము. పరీక్షించునపుడు పలుచగా గీయుము. లోతుగా కోసినచో కడ్డీ బెదరి వంగును, అప్పుడు వచ్చు కొలత కడ్డీదియు కాదు, తలదియు కాదు, నీ బలవంతముది. ఈ నియమము ఎవ్వరి బాధ్యతను తుడిచివేయదు. ఎవరి బాధ్యత ఎంతయో కొలిచి చెప్పును.

ఆ రాత్రి నేను ఇంటికి వచ్చి, నా తరగతి విద్యార్థుల ఆంగ్ల పరీక్షాపత్రములను విప్పితిని. సగమునకు పైగా పత్రములలో ఒకే తప్పు. 'అతడు చెప్పెను' అనుటకు ఆంగ్లమున 'టోల్డ్' అను మాటను వాడినపుడు ఎవరితో చెప్పెనో చేర్చి తీరవలెను. లేనిచో 'సెడ్' అనవలెను. ఏటేట ఈ తప్పునకు నేను పిల్లలను బెంచీ మీద నిలువబెట్టుచుంటిని. పదునైదేండ్లుగా వ్రాయించుచున్న నా నోట్సు తీసి చూచితిని. అందులో రెండు మాటలకును 'చెప్పెను' అని ఒకే యర్థము వ్రాయబడియుండెను. ఆ నియమము లేనే లేదు. నా చేతివ్రాతయే. కార్ఖానాలోని ఆ కుర్రవాడును ఆ నోట్సునే వల్లించి, ఆ తప్పునే వ్రాసి, నాచే మందమతి యనిపించుకొన్నవాడు. వాడు తప్పుటకు అదొక్కటియే కారణమని నేను చెప్పను. ఎంతవరకు కారణమో కొలుచుటకు ఇప్పుడు వీలులేదు. వీలులేకపోవుటయే నన్ను బాధించుచున్నది.

మరునాడు పోయి వానితో ఈ సంగతి యంతయు చెప్పితిని. వాడు కొంతసేపు మాటాడలేదు. బుష్షుల వెల వాని కూలిలో పట్టుకొనుట యజమాని మానుకొన్నాడని మాత్రము చెప్పెను. పిమ్మట నా నోట్సు సంగతి తలచుకొని, "దిద్దినారు గదా సార్. బోల్టు బిగించినాక ఇంకోసారి కొలుచుకోండి. బిగించేటప్పుడే మళ్లా కదులుతాది" అనెను.

నోట్సు దిద్దితిని. ఈ యేడు పిల్లల పత్రములు వచ్చినపుడు మరల కొలిచి చూడవలసియున్నది. చదువరులలో తల్లులును, తండ్రులును, ఉపాధ్యాయులును, పదుగురిపై అధికారము నెరపువారును ఉందురు. మీ చేతిక్రింద ఒకే తప్పు మరల మరల పుట్టుచున్నచో, ఎవరినైన శిక్షించుటకు ముందు ఒక గంట గడు విండు. ఆ గంట అడుగుటకు వారికి నోరుండకపోవచ్చును. కనుక మీరే అడుగుకొనుడు.